టర్నర్ ‘గ్రీనిచ్ పార్కు నుంచి లండన్’ నకలు: ఊరి మీది పొగ సున్నంలా ఎందుకు వస్తోంది?

మీ ప్రశ్నలో ఉన్న ఇబ్బందులు నాలుగు. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1809లో ప్రదర్శించిన ‘గ్రీనిచ్ పార్కు నుంచి లండన్’ బొమ్మకు 24×30 అంగుళాల కాన్వాస్ మీద ఆయిల్ కలర్స్‌తో నకలు వేస్తున్నారు. దూరాన లండన్ మీది మసక సున్నం కొట్టినట్టుంది. సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం ఊళ్లో కలవకుండా ముందుకు పొడుచుకొస్తోంది. థేమ్స్ నది నేల మీద పరుచుకోకుండా నిటారుగా లేచింది. ముందున్న కొండవాలు ముదురు గోధుమరంగు మూడు వారాలైనా ఆరలేదు, ఆరినచోట పాలిపోయింది. మొదటి రెండిటికీ కారణం ఒకటే: దూరాన్ని తెల్లరంగుతో రప్పించాలనుకోవడం. మూడోది కొలతలో తప్పు, నాలుగోది నూనెలో తప్పు. వేసిన కాన్వాస్ పారేయనక్కర్లేదు, దాని సంగతి ఆఖర్న చెబుతాను.

ముందు అసలు బొమ్మలో ఏముందో చూద్దాం. గ్రీనిచ్ పార్కు లండన్ నగరానికి ఆగ్నేయ దిక్కున, థేమ్స్ దక్షిణపు ఒడ్డున ఉంది. పార్కులో అబ్జర్వేటరీ ఉన్న మిట్ట సముద్రమట్టానికి సుమారు 46 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తు మీంచి ఉత్తరం, వాయవ్యం వైపు చూస్తే ముందు పచ్చిక వాలు, జింకలు. వాలు దిగువన ఇనిగో జోన్స్ నమూనా వేసిన క్వీన్స్ హౌస్. దాని వెనక క్రిస్టఫర్ రెన్ నమూనా గీసిన నావికుల ఆసుపత్రి, దాని జంట గుమ్మటాలు. పేరుకి ఆసుపత్రే గానీ అది పనిచేసి అలిసిన నావికులు తలదాచుకునే ఆశ్రమం. ఆ వెనక ఐల్ ఆఫ్ డాగ్స్‌ని (మూడు వైపులా నీళ్లున్న భూభాగం) చుట్టి వంపు తిరిగే నది, దాని మీద ఓడల కొయ్యలు. ఎడమ పక్కన, 8 కిలోమీటర్ల అవతల, పొగలో సెయింట్ పాల్స్.

అప్పటికి టర్నర్ వయసు 34. ఈ బొమ్మని రాయల్ అకాడమీలో కాకుండా సొంత గ్యాలరీలో పెట్టాడు. కేటలాగ్‌లో బొమ్మ పేరు కింద తనే రాసిన ఆరు పంక్తుల పద్యం అచ్చు వేయించాడు. బరువెక్కిన థేమ్స్ తెరచాపల్ని ప్రతిబింబిస్తోందనీ, వ్యాపారపు తొందర అంతటా నిండిందనీ, ఆకాశానికి ఎగబాకే మురికి ముసుగు ఊరి అందాన్ని, ఆకారాన్ని కూడా కప్పేస్తోందనీ, ఆ అనుమానపు గాలిని చీల్చుకుని గోపుర శిఖరాలు మాత్రం పైకి వస్తున్నాయనీ దాని సారాంశం. అంటే పొగే ఈ బొమ్మకు విషయం. అది తెల్లవారుజాము మంచు కాదు. న్యూకాజిల్ నుంచి ఓడల్లో వచ్చిన బొగ్గు లండన్ పొయ్యిల్లో మండితే లేచిన పొగ. మన దగ్గర అరకు, లంబసింగి ఫొటోలు చూసి అలవాటైన చెయ్యి దూరపు మసక అనగానే నీలం, తెలుపు కలుపుతుంది. సగం తప్పు అక్కడే జరిగిపోతుంది.

(ఒక పిడకల వేట. బొమ్మలో ఎదురుగా కనిపించే ఐల్ ఆఫ్ డాగ్స్‌లో వెస్టిండియా డాక్స్ 1802లో తెరిచారు, కుడివైపు బ్లాక్‌వాల్ దగ్గర ఈస్టిండియా డాక్స్ 1806లో. కోస్తా జిల్లాలు కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం అది. మన తీరం నుంచి ఇంగ్లండు వెళ్లిన కంపెనీ సరుకు చేరింది ఈ నదికే. ‘వ్యాపారపు తొందర’ అన్న మాటలో మన వాటా కూడా ఉంది.)

ఇప్పుడు పొగ రంగు సంగతి. ఒక అగరుబత్తి వెలిగించండి. కొస నుంచి అప్పుడే లేస్తున్న పొగని చీకటి గుమ్మానికి ఎదురుగా చూడండి, నీలంగా కనిపిస్తుంది. అదే పొగని వెలుతురున్న కిటికీకి అడ్డంగా చూడండి, పసుపు కలిసిన గోధుమరంగులోకి మారుతుంది. పొగలోని సన్నటి రేణువులు నీలపు వెలుతురుని ఎక్కువగా చెదరగొడతాయి. వెనక చీకటి ఉంటే ఆ చెదిరిన నీలమే కంటికి చేరుతుంది. వెనక వెలుతురు ఉంటే, నీలం పోగా మిగిలిన పసుపు, ఎరుపు మన వైపు వస్తాయి. కాబట్టి బొమ్మలో ఒకే పొగకి రెండు రంగులు ఉండాలి. ఇళ్లు, ఓడల గుంపులు, దూరపు చెట్ల వంటి ముదురు వస్తువుల ముందు చల్లటి బూడిదరంగు. వెలుగుతున్న ఆకాశం ముందు వెచ్చటి మురికి పసుపు. మీరు రెండు చోట్లా ఒకే కుప్పలోంచి తీసి వేశారు. అందుకే అది గాలిలా కాక పూతలా కనబడుతోంది.

ఆయిల్ రంగులకి కూడా ఇదే గుణం ఉంది. ముదురు రంగు ఆరాక దాని మీద లేత రంగుని పలచగా, పొడి బ్రష్‌తో రుద్దితే (దీన్ని స్కంబుల్ అంటారు) నీలం కలపకపోయినా నీలపు ఛాయ వస్తుంది. లేత రంగు మీద ముదురు పారదర్శక రంగుని నూనెలో పలచగా పరిస్తే (ఇది గ్లేజ్) వెచ్చగా వెలుగుతుంది. ఊరి మీది చల్లటి మసకకి స్కంబుల్, ఆకాశంలోకి ఎగబాకే పొగకి గ్లేజ్. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతాది చేతి అలవాటు.

కలిపే పాళ్లు ఇలా మొదలుపెట్టండి. వెచ్చటి కుప్ప: టైటానియం వైట్ 4 వంతులు, యెల్లో ఓకర్ 2, బర్న్‌ట్ సియెనా అర, అల్ట్రామెరీన్ బ్లూ అర. చల్లటి కుప్ప: టైటానియం వైట్ 4, అల్ట్రామెరీన్ 1, బర్న్‌ట్ అంబర్ 1, యెల్లో ఓకర్ పావు. కంపెనీని బట్టి రంగు బలం మారుతుంది. స్టూడెంట్ గ్రేడ్ ట్యూబుల్లో ఫిల్లర్ ఎక్కువ కాబట్టి నీలం ఇంకొంచెం పడుతుంది. రెండు కుప్పల్నీ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. రెండూ ఒకే బూడిదరంగుగా కనబడాలి. వాటి మధ్య తేడా రంగులోనే ఉండాలి, వెలుగులో ఉండకూడదు. ఒకటి తెల్లగా కనబడితే దాంట్లో వైట్ ఎక్కువైంది.

టైటానియం వైట్ గురించి ఒక మాట. టర్నర్ వాడింది లెడ్ వైట్, అంటే సీసపు తెలుపు. కాస్త వెచ్చగా, కాస్త పారదర్శకంగా ఉంటుంది. టైటానియం వైట్ 1920ల తర్వాత వాడుకలోకి వచ్చింది, దట్టంగా, చల్లగా ఉంటుంది, కింద ఉన్నదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. సున్నం కొట్టినట్టు కనబడటానికి ఇది రెండో కారణం. సీసం విషం, దాని జోలికి వెళ్లమని చెప్పను. దాని బదులు పని మొదలుపెట్టే ముందే శనగగింజంత యెల్లో ఓకర్‌ని పెద్ద నిమ్మకాయంత టైటానియం వైట్‌లో కలిపి పెట్టుకోండి, బొమ్మంతటా ఆ తెలుపే వాడండి. జింక్ వైట్ పారదర్శకంగా ఉంటుంది కదా అని చాలామంది సలహా ఇస్తారు. ఆయిల్‌లో అది ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది, పైగా పెచ్చులు లేస్తుంది. వద్దు.

పాలెట్ మీద ఇంకేం ఉండాలి? కాడ్మియం పసుపులు, విరిడియన్, థాలో రంగులు పక్కన పెట్టేయండి. 1809లో ఇవేవీ ట్యూబులో కాదు కదా, చిత్రకారుల దుకాణంలోనే లేవు. థాలో అయితే 1930ల సరుకు. యెల్లో ఓకర్, రా సియెనా, బర్న్‌ట్ సియెనా, రా అంబర్, బర్న్‌ట్ అంబర్, ఒక మాడర్ రకం ఎరుపు, వెర్మిలియన్ రంగు చుక్క, ప్రష్యన్ బ్లూ, అల్ట్రామెరీన్, ఐవరీ బ్లాక్ చాలు. కృత్రిమ అల్ట్రామెరీన్ 1828 తర్వాతది. అప్పట్లో రాతి నుంచి తీసిన ఖరీదైన అల్ట్రామెరీన్ ఉండేది, రసాయనికంగా రెండూ ఒకటే కాబట్టి వాడుకోవచ్చు. ప్రష్యన్ బ్లూతో మాత్రం జాగ్రత్త. కత్తి మొనకి అంటినంత వేస్తే చాలు, అంతకు మించితే కుప్ప మొత్తం దాని వశమవుతుంది.

సెయింట్ పాల్స్ ముందుకు రావడానికి వద్దాం. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది: భవనానికి కింద గట్టి గీత గీసి, పైకి వెళ్లేకొద్దీ మసక చేయడం. ఈ బొమ్మలో జరిగేది దానికి తలకిందులు. పొగ చిక్కదనం పొయ్యిగొట్టాల మట్టంలో ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. కాబట్టి గుమ్మటం పైకొస స్పష్టంగా ఉండాలి, కిందకి దిగేకొద్దీ అంచులు కరిగిపోయి, అడుగున భవనం ఎక్కడ ఆగిందో తెలియకూడదు. పద్యంలో చెప్పింది అదే. ‘స్పష్టంగా’ అన్నానని ముదురు రంగు తీసుకోకండి. తెలుపుని 10, నలుపుని 1 అనుకుని పదిమెట్ల కొలత పెట్టుకుంటే, వెనక పొగ 7 దగ్గర ఉన్నప్పుడు గుమ్మటం 6.5 దగ్గర ఉండాలి. పైకొస దగ్గర 6 వరకు వెళ్లొచ్చు. తేడా అర మెట్టు, మహా అయితే ఒక మెట్టు. మీరు పంపిన ఫొటోలో గుమ్మటం 4 దగ్గర ఉంది, అంటే గ్రీనిచ్ దగ్గరి చెట్ల ముదురుతో సమానం. ముందుకు రాక ఏం చేస్తుంది?

ఆకాశం, ఊరు ఒకే పూట వేయాలి, తడి మీద తడి. ముందు ఊరి వెనకాల పొగ రంగు పరిచి, అది తడిగా ఉండగానే గుమ్మటాన్ని 2 నంబరు రౌండ్ బ్రష్‌తో ఒకటి రెండు ముద్రల్లో పెట్టాలి. తర్వాత ఏ రంగూ లేని పొడి ఫిల్బర్ట్ (కొస గుండ్రంగా ఉండే చదును) బ్రష్‌తో అడుగు భాగాన్ని మాత్రం అడ్డంగా ఒకసారి లాగాలి. రెండోసారి లాగితే బురద అవుతుంది. ఆరిపోయిన ఆకాశం మీద మర్నాడు గుమ్మటం వేస్తే అంచు ఎంత మెత్తగా వేసినా కత్తిరించినట్టే ఉంటుంది.

ఇక పరిమాణం. ఇది లెక్కతో తేలే విషయం. పైగా ఈ బొమ్మ వేసినవాడు 1807లోనే రాయల్ అకాడమీ పర్‌స్పెక్టివ్ ప్రొఫెసర్‌గా ఎన్నికైనవాడు. సెయింట్ పాల్స్ ఎత్తు 111 మీటర్లు, దూరం సుమారు 8 కిలోమీటర్లు. 24 అంగుళాల (61 సెం.మీ.) వెడల్పు కాన్వాస్ మీద (మీ 30 అంగుళాల వెడల్పుకి లెక్క ఆఖర్న చెబుతాను) 50 డిగ్రీల చూపు పట్టించామనుకుంటే, చర్చి మొత్తం ఎత్తు 9 మిల్లీమీటర్లు వస్తుంది. అందులోనూ కింది భాగం ఇళ్లలో, పొగలో పోతుంది. మిట్ట మీద నిలబడ్డ మనిషి కన్ను సముద్రమట్టానికి సుమారు 48 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. క్షితిజ రేఖ ఎప్పుడూ కంటి మట్టంలోనే ఉంటుంది. 48 మీటర్ల కన్నా తక్కువ ఎత్తున్నదేదీ, దగ్గరిదైనా దూరానిదైనా, ఆ గీత దాటదు. సెయింట్ పాల్స్ ఒక చిన్న గుట్ట మీద ఉంది కాబట్టి దాని కొస దాదాపు 128 మీటర్ల మట్టంలో ఉంటుంది. అంటే గీతకి పైన కనబడేది ఆరేడు మిల్లీమీటర్లు, అంతే. మీ గుమ్మటం ఫొటో మీద కొలిస్తే 3 సెంటీమీటర్లకు దగ్గరగా ఉంది. టర్నర్ అక్కడక్కడా వస్తువుల్ని పెంచి వేసినవాడే, అందువల్ల నా లెక్కనే శాసనంగా తీసుకోకండి. లండన్ టేట్ మ్యూజియం వెబ్‌సైట్‌లోని బొమ్మని కాన్వాస్ సైజులో ప్రింట్ తీసి స్కేలుతో కొలిచి, ఈ లెక్కతో సరిచూసుకోండి. మీ 3 సెంటీమీటర్లు మాత్రం ఏ లెక్కకీ అందవు.

నది నిటారుగా లేవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అదే 24 అంగుళాల కాన్వాస్, అదే 50 డిగ్రీలు. నీటి మట్టంలో కిలోమీటరు దూరాన ఉన్న బిందువు క్షితిజ రేఖకి సుమారు 3.1 సెం.మీ. కింద పడుతుంది. రెండు కిలోమీటర్ల దూరానిది 1.6 సెం.మీ. కింద, నాలుగు కిలోమీటర్లది 8 మిల్లీమీటర్ల కింద. దూరం రెట్టింపైన ప్రతిసారీ గీతకి ఉన్న ఎడం సగమవుతుంది. మీరు నది వంపులో మూడు పాయల్నీ దాదాపు సమానమైన వెడల్పుతో వేశారు, దాంతో కంటికి అది నేలలా కాక నిలువు గోడలా తోచింది. దగ్గరి పాయ వెడల్పుగా, రెండోది దానిలో మూడో వంతు, చివరిది ఒక బ్రష్ వెంట్రుక మందాన ఉన్న వెలుగు గీత. వంపు తిరిగే చోట మూల మెత్తగా గుండ్రంగా వేయకండి. ఇంత ఏటవాలు చూపులో నది మలుపు దాదాపు పదునైన కొసలా కనబడుతుంది. ఓడల కొయ్యలు కూడా ఇదే సూత్రానికి లోబడతాయి: 30 మీటర్ల కొయ్య ఏ పాయలో ఉన్నా క్షితిజ రేఖ కిందే ఆగాలి.

నది రంగు నీలం కాదు. ఆకాశంలో బాగా వెలుగుతున్న చోటి రంగే ఒక మెట్టు తగ్గించి వేయండి. బొమ్మలో కన్ను నడిచేది ఆ వెలుగు పట్టీ వెంటే.

ఆసుపత్రి, క్వీన్స్ హౌస్ విషయంలో మీ డ్రాయింగ్ బాగానే ఉంది, ఒక్కటి తప్ప. జంట గుమ్మటాల మధ్య ఖాళీని మూసేశారు. ఆ ఖాళీ కావాలని వదిలింది. క్వీన్స్ హౌస్ నుంచి నది కనబడే దారి మూసుకుపోకూడదని రాణి రెండో మేరీ పట్టుబట్టడంతో రెన్ ఆసుపత్రిని రెండు ముక్కలుగా విడదీసి కట్టాల్సి వచ్చింది. ఆ సందులోంచి నీటి వెలుగు కాస్త కనబడాలి. గుమ్మటాల కింది వలయాలకి కోడిగుడ్డు ఆకారం ఇవ్వకండి. అంత దూరంలో కంటి మట్టానికి దాని మట్టానికి ఉన్న కోణం రెండు మూడు డిగ్రీలే, అందుకే ఆ వలయం దాదాపు సరళరేఖ. రాయి పోర్ట్‌లాండ్ సున్నపురాయి, తెల్లనిదే. అయినా ట్యూబులోంచి తీసిన తెలుపు అక్కడ పెట్టొద్దు. వెలుగు పడిన వైపు 8 మెట్టు దగ్గర ఓకర్ కలిపిన తెలుపు, నీడ వైపు 6 దగ్గర చల్లటి కుప్ప. బొమ్మలో 9 మెట్టు ఆకాశంలో వెలిగే ఒక్క చోటికే ఉంచుకోండి.

డ్రాయింగ్‌కి ఇప్పటి ఫొటోలు రిఫరెన్స్‌గా వాడకండి. అదే పార్కులో నిలబడి ఈరోజు ఫొటో తీస్తే క్వీన్స్ హౌస్ వెనక కానరీ వార్ఫ్ ఆకాశహర్మ్యాలు వరుసగా లేచి ఉంటాయి. అవి కట్టింది ఆ పాత వెస్టిండియా డాక్స్ చోటే. వాటిని తీసేసి ఊహించుకుందామంటే క్షితిజ రేఖే దొరకదు. దానికన్నా టర్నర్ ‘లైబర్ స్టూడియోరమ్’ ముద్రణల్లో ఇదే దృశ్యం 1811లో వెలువడింది, దాన్ని చూడండి. ఒకే గోధుమరంగు సిరాతో ఉండే మెజోటింట్ (రాగిరేకు మీద చెక్కి తీసే ముద్రణ) కాబట్టి ఎక్కడ ముదురు, ఎక్కడ లేత అన్నది రంగు గోల లేకుండా తెలుస్తుంది. ఆయిల్ బొమ్మతో అన్ని వివరాలూ కలవాలని లేదు, కానీ టోన్ నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు.

ఇక ఆరని ముందుభాగం. మీరు రాసిన మిశ్రమం ఐవరీ బ్లాక్, ఎలిజరిన్ క్రిమ్సన్, బర్న్‌ట్ అంబర్, సగానికి సగం అవిసె నూనె. ఐవరీ బ్లాక్, ఎలిజరిన్ రెండూ ఆయిల్‌లో అన్నిటికన్నా మెల్లగా ఆరే రంగులు. పలచగా వేసినా పది రోజులు, రెండు వారాలు తీసుకుంటాయి. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది, అది రెండు మూడు రోజుల్లోనే ఆరిపోతుంది, ఆరేటప్పుడు నూనెని పీల్చుకుని పాలిపోతుంది. ఒకే పొరలో ఈ రెండు రకాలూ కలిస్తే అక్కడక్కడా మెరుపు, అక్కడక్కడా మసక రావడం ఖాయం. దానికి తోడు రెడీమేడ్ కాన్వాస్ మీది అక్రిలిక్ గెసో (తెల్లటి అడుగు పూత) నూనెని తాగేస్తుంది. తేమ ఎక్కువుండే విశాఖ, కాకినాడ వంటి చోట్ల వానాకాలంలో ఈ ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

ముందుభాగం ఇలా కట్టాలి. మొదటి పొర బర్న్‌ట్ అంబర్, టర్పెంటైన్ మాత్రమే, నూనె వద్దు. మర్నాటికి ఆరుతుంది. రెండో పొర అంబర్, రా సియెనా, కొంచెం అల్ట్రామెరీన్, ట్యూబులో ఉన్న నూనెతోనే. ముదురుదనానికి నలుపు బదులు అల్ట్రామెరీన్, బర్న్‌ట్ అంబర్ సమపాళ్లలో కలపండి. ట్యూబు నలుపుకి ఏమాత్రం తీసిపోదు, ఆరడం మాత్రం త్వరగా ఆరుతుంది. మూడో పొర గ్లేజ్: అవిసె నూనె 1 వంతు, టర్పెంటైన్ 2 వంతులు, అందులో బర్న్‌ట్ సియెనా లేదా కొద్దిగా మాడర్. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ అన్న వరస తప్పకూడదు. తిరగబడితే పై పొర ముందు ఆరి, కింది పొర తర్వాత కదిలి, పగుళ్లు వస్తాయి. ఓపిక లేకపోతే నూనె బదులు ఆల్కిడ్ మీడియం వాడండి, గ్లేజ్ ఒక రోజులో చేతికంటకుండా ఆరుతుంది.

పాత పుస్తకాలు చూసి మెగిల్ప్ గానీ, బిటుమెన్ గానీ ప్రయత్నించకండి. మెగిల్ప్ అంటే మాస్టిక్ వార్నిష్, అవిసె నూనె కలిపి చేసే జిగురు లాంటి మీడియం. వేసేటప్పుడు వెన్నలా జారుతుంది, ఆ కాలంలో టర్నర్‌తో సహా చాలామంది వాడారు. కాలక్రమేణా పసుపెక్కి, పగిలింది. బిటుమెన్ అంటే తారు లాంటి ముదురు రంగు, అది అసలు పూర్తిగా ఆరదు. పాత చిత్రాల ముదురు గోధుమరంగు మనకిప్పుడు అంత చిక్కగా కనబడటంలో వయసు వాటా కూడా ఉంది కాబట్టి స్క్రీన్ మీద కనబడినంత ముదురుకి వెళ్లకుండా 2.5, 3 మెట్ల దగ్గర ఆగండి. ముందుభాగం 1 మెట్టుకి పోతే దూరం బాగా లోతుగా వస్తుందనుకుంటారు, నిజానికి అక్కడ గడ్డి, జింకలు, నేల ఒంపు అన్నీ ఒక నల్లటి రంధ్రంలో పడిపోతాయి. జింకల చుట్టూ గీత గీయడం కూడా మానండి. వీపు మీద వెలుగు ముద్ర ఒకటి, మెడ దగ్గర ఒకటి పెట్టి, పొట్ట, కాళ్లు నేల ముదురులోకి వదిలేయాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి కాన్వాస్ సంగతి. అసలు బొమ్మ 90.2 × 120 సెం.మీ., అంటే మూడుకి నాలుగు. బజార్లో దొరికే 18×24 అంగుళాల కాన్వాస్ సరిగ్గా ఆ నిష్పత్తే. దాని మీద 3 అంగుళాల గళ్లు గీస్తే 6×8, మొత్తం 48 గళ్లు వస్తాయి. గళ్లు పెన్సిల్‌తో కాక పలచని అంబర్‌తో గీయండి. ఆయిల్ పొర ఏళ్లు గడిచేకొద్దీ పారదర్శకమవుతుంది, లేత ఆకాశం కింద ఉన్న పెన్సిల్ గీతలు పైకి తేలతాయి. గళ్లకి ముందు రా సియెనా, చిటికెడు అంబర్ టర్పెంటైన్‌లో కలిపి గుడ్డతో రుద్ది, పాలు పోయని పలచటి టీ రంగులో అడుగు పూత సిద్ధం చేసుకుని రెండు రోజులు ఆరనివ్వండి. తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెడితే పొగ ఎంత వేసినా ముదురుగానే కనబడుతుంది, మళ్లీ తెలుపు కలుపుతారు, మళ్లీ మొదటికొస్తుంది.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండ చుట్టిన గుడ్డ దానంతటదే అంటుకోగలదు. నీళ్ల డబ్బాలో వేయండి, లేదా విప్పి తీగ మీద ఆరేయండి.

మీ పాత కాన్వాస్‌ని ఇలా బాగుచేయొచ్చు. ఊరి మీది తెల్లపూత పూర్తిగా ఆరింది కాబట్టి అదే మంచి అడుగు పూత. దాని మీద రా సియెనా, అతి కొద్దిగా అల్ట్రామెరీన్ కలిపిన గ్లేజ్ పలచగా పరవండి. ఐదు నిమిషాలు ఆగి, నూలు పోగులు వదలని గుడ్డతో ఆకాశం వెలిగే చోట ఎక్కువగా, ఇళ్ల మట్టంలో తక్కువగా తుడవండి. లేత రంగు మీద పారదర్శకమైన ముదురు పడితే వెచ్చదనం వస్తుందని పైన చెప్పుకున్నాం కదా, సున్నం అనుకున్నది పొగగా మారేది ఇక్కడే. ఒక్క గ్లేజ్‌తో చాలకపోతే అది ఆరాక ఇంకోటి వేయండి, ఒకేసారి చిక్కగా వేయకండి. గ్లేజ్‌కి ముందే గుమ్మటాన్ని గోకి తీసేయాలి. బ్లేడుని పడుకోబెట్టి రంగు గట్టు మాత్రం లేపండి. గట్టు అలాగే ఉంచి పైన పూస్తే పక్క వెలుతురులో పాత గుమ్మటం ఆకారం కనబడుతూనే ఉంటుంది.

నది పాయల్ని పైన చెప్పిన కొలతలకి సన్నం చేయడానికి ఒడ్డు రంగుని నీటి మీదకి తెస్తే చాలు. ఆ కొలతలు 24 అంగుళాల వెడల్పుకి ఇచ్చినవి, మీ 30 అంగుళాలకి ప్రతిదాన్నీ 1.25తో గుణించుకోండి. చర్చి మొత్తం ఎత్తు 9 మిల్లీమీటర్లకి బదులు 11 అవుతుంది. ముందుభాగం చేతికి అంటుకుంటున్నంత కాలం దాని మీద ఏమీ వేయకండి. గాలి ఆడే గదిలో, గోడకి ఆనించకుండా, ఇంకో రెండు వారాలు వదిలేయండి. అప్పటికీ ముడతలు పడి మెత్తగా ఉంటే పాలెట్ నైఫ్‌తో ఆ భాగం గీకేసి, అంబర్ పొర నుంచి మళ్లీ మొదలుపెట్టడమే. ముడతపడిన పొర మీద ఏ మందూ పనిచేయదు. ఆరి పాలిపోయిన చోట్లకి మాత్రం అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి గుడ్డతో పలచగా రుద్ది, పావుగంట తర్వాత మిగిలిందంతా తుడిచేస్తే అసలు రంగు తిరిగొస్తుంది. ఆఖరి వార్నిష్ ఆర్నెల్లకి ముందు వద్దు.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చెప్పాలి. 24×30 కాన్వాస్ నిష్పత్తి నాలుగుకి అయిదు. 30 అంగుళాల వెడల్పుకి అసలు బొమ్మ ఎత్తు ఇరవై రెండున్నరే కావాలి, మీరు ఒకటిన్నర అంగుళాలు సాగదీసి నింపారు. గుమ్మటాలు పొడుగ్గా కనబడటంలో దానికీ భాగం ఉంది. కింద ముందుభాగం ఎలాగూ గీకాల్సి వస్తే, అడుగున ఒకటిన్నర అంగుళాల పట్టీని మాస్కింగ్ టేపుతో మూసేసి, మిగిలిన చోటులో కొండవాలుని మళ్లీ గీయండి. చివర్లో ఆ పట్టీని ఫ్రేము వెనక్కి మడిచి కొట్టించుకోవచ్చు.